క్వైట్ గుడ్ అంటే చాలా బాగుందనుకున్నాను, ఆర్డరు సగమైంది. ఇంగ్లీషు ఇడియమ్స్ ఎలా నేర్చుకోవాలి?

గుంటూరు_సన్నం
గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. చదివింది బీకాం. చేరి పద్నాలుగు నెలలైంది. బయటి దేశాల బయ్యర్లకు మెయిల్స్ రాయడం, కాల్స్‌లో మాట్లాడటం నా పని. గ్రామర్ తప్పులు వస్తాయని తెలుసు. కానీ ఈసారి దెబ్బ గ్రామర్ వల్ల తగల్లేదు.

ఇంగ్లండ్ బయ్యరు ఒకాయనకు తేజ రకం శాంపిల్ పంపాం. వీడియో కాల్‌లో ఆయన కాయను వెలుతురులో పెట్టి తిప్పి చూసి "ద కలర్ ఈజ్ క్వైట్ గుడ్" అన్నాడు. నేను మా ఓనరుగారికి "రంగు చాలా బాగుందంటున్నారండీ" అని చెప్పాను. ఆ మాట మీద ఆయన యార్డులో ఇంకో 300 టిక్కీలు (మిర్చి బస్తాలు) కొని కోల్డ్ స్టోరేజీలో వేయించారు. వారం తిరిగేసరికి రెండు కంటైనర్లు అనుకున్న ఆర్డరు ఒకటికి దిగింది. కారణం రంగు! "మొదటి కాల్‌లోనే చెప్పాను కదా" అని మెయిల్‌లో రాశాడు.

అదే కాల్ చివర్లో "లెట్స్ కాల్ ఇట్ ఎ డే" అంటే, తర్వాతి కాల్‌కి ఒక రోజు ఖాయం చేద్దామంటున్నాడనుకుని "విచ్ డే సర్?" అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు గానీ, తర్వాత అర్థం తెలిసి రాత్రంతా నిద్రపట్టలేదు.

విజయవాడ ఏలూరు రోడ్డులో 500 ఇడియమ్స్ పుస్తకం కొన్నాను. రోజుకి పది బట్టీ పడుతున్నాను. పొద్దున చదివినవి సాయంత్రానికి ఉండటం లేదు. ఇది నేర్చుకునే దారేనా?

నైట్‌షిఫ్ట్_బాబు
కాదు. ఆ పుస్తకం పక్కన పెట్టండి.

విజయవాడలో అమెరికా కస్టమర్లకు టెక్నికల్ సపోర్ట్ చేస్తాను, ఆరేళ్ళుగా. నా అనుభవంలో ఇడియమ్ రాకపోతే పెద్ద నష్టం లేదు, అడిగి తెలుసుకోవచ్చు. వచ్చిందనుకుంటేనే ప్రమాదం. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడితో ఒకావిడ "యువర్ కలీగ్ గేవ్ మీ ఎ హ్యాండ్ యెస్టర్‌డే" అంది. వీడు వెంటనే మూడుసార్లు సారీ చెప్పి, కలీగ్ మీద కంప్లయింట్ తీసుకుంటానన్నాడు. మన దగ్గర హ్యాండిచ్చాడంటే మోసం చేసి పోయాడని. వాళ్ళకి గివ్ ఎ హ్యాండ్ అంటే సాయం చెయ్యడం. ఆవిడ మెచ్చుకోవడానికి ఫోన్ చేసింది!

కృష్ణలంక_కిరణ్
హ్యాండ్ స్టోరీ అదిరింది. మా రూమ్మేట్‌కి చెప్తే టీ పొలమారింది.

పటమట_పద్మ
చెయ్యి సంగతి అలా ఉంటే కాలు సంగతి వినండి. మా కోడలు బయటి దేశంలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కొంచెం కొంచెం వచ్చు. పెళ్ళయిన కొత్తలో మా వారిని ఏదో సరదాగా ఆటపట్టించి "ఐ వాజ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్, మామయ్యా" అంది. మన భాషలో కాలు పట్టి లాగడం అంటే ఎదుగుతున్నవాణ్ణి కిందికి గుంజడమే కదా. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "నేను ఆ పిల్లకి ఏం అడ్డొచ్చానే?" అని నన్నడిగారు. అబ్బాయి ఫోన్ చేసి, అది వేళాకోళం ఆడటం అని చెప్పాకగానీ మామూలు మనిషి కాలేదు.

గుంటూరు_సన్నం అమ్మాయీ, నువ్వు నిద్ర మానుకోకు తల్లీ. అరవై ఏళ్ళాయన కూడా ఇలాగే పొరబడ్డారు.

బ్రాడీపేట_మాస్టారు
నేను గుంటూరులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ క్వైట్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది అసలు ఇడియమ్ కాదు. డిక్షనరీలో చూసినా చాలామంది పట్టుకోలేని చిన్న మాట.

బ్రిటిష్ వాళ్ళు గుడ్, నైస్, హాట్ లాంటి మాటల ముందు క్వైట్ పెడితే "ఫరవాలేదు, బాగానే ఉంది" అని. గుడ్ కంటే ఒక మెట్టు కిందకు దిగుతుంది, పైకి ఎక్కదు. అమెరికా వాళ్ళు అదే మాట అంటే సాధారణంగా "చాలా బాగుంది" అనే. అంటే ఒకే వాక్యానికి లండన్‌లో ఒక ధర, న్యూయార్క్‌లో ఒక ధర. ఇంకో మెలిక కూడా ఉంది. రైట్, ఇంపాజిబుల్, బ్రిలియంట్ లాంటి మాటలకు మెట్లు ఉండవు, ఉంటే పూర్తిగా ఉంటాయి. వాటి ముందు వస్తే బ్రిటన్‌లో కూడా "పూర్తిగా" అనే అర్థం. "యు ఆర్ క్వైట్ రైట్" అంటే నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం అని.

గొంతు కూడా వినాలి. మాట మీద కాకుండా క్వైట్ మీద బరువు వేసి, చివర్లో స్వరం తేలిపోతే, వెనకాల ఒక "కానీ" దాగుందని అర్థం. మన దగ్గర పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి "అబ్బాయి... బాగానే ఉన్నాడు" అంటారు చూడండి, ఆ "బానే" అదే.

అమ్మాయ్, ఆ రోజు ఆయన ఆ వాక్యం తర్వాత ఏమైనా అన్నాడా?

గుంటూరు_సన్నం
అన్నారు మాస్టారూ. "బట్ లెట్ మి సీ ద నెక్స్ట్ లాట్" అన్నారు. క్వైట్ గుడ్ వినగానే ఆనందంలో నేను నోట్సు రాసుకుంటున్నాను, అది చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. పెళ్ళిచూపుల "బానే" అన్నాక ఇప్పుడు ఆయన గొంతు మళ్ళీ వినపడుతోంది. అచ్చం అలాగే అన్నారు.

కృష్ణలంక_కిరణ్
మాస్టారి క్లాసు ముప్ఫై ఏళ్ళ కిందటే పడి ఉంటే నేనూ బాగుపడేదాన్ని అంటోంది మా అమ్మ. పక్కనుంచి చదువుతోంది.

లబ్బీపేట_ఐఈఎల్టీఎస్
నైట్‌షిఫ్ట్ అన్నయ్యా, మీరు పుస్తకం పక్కన పెట్టమంటున్నారు గానీ మాకు కుదరదు. విదేశాలకు వెళ్ళడానికి ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నాను. దాని స్పీకింగ్‌లో ఇడియమ్స్ వాడితేనే తొమ్మిదికి 7 వస్తుందని కోచింగ్‌లో చెప్పారు. నలభై ఇచ్చి బట్టీ పట్టమన్నారు. మొదటిసారి నాకు స్పీకింగ్‌లో 6 వచ్చింది. వర్షం మాట ఎత్తగానే "ఇట్ వాజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అన్నాను. ఎగ్జామ్ చాలా తేలిక అనడానికి "పీస్ ఆఫ్ కేక్" అన్నాను. స్నేహితుడు "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" కలుస్తాడన్నాను. నాలుగు నిమిషాల్లో ఆరు వాడాను. అయినా 6 ఎందుకొచ్చిందో అర్థం కావట్లేదు.

నైట్‌షిఫ్ట్_బాబు
తమ్ముడూ, అందుకే వచ్చింది.

బ్రాడీపేట_మాస్టారు
బాబుగారు ఒక్క మాటలో తేల్చేశారు గానీ ఈ అబ్బాయి ఫీజు కట్టి మళ్ళీ రాయాలి, కాబట్టి సరిగ్గా చెప్పుకుందాం. ఆ స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మార్కులు వేసేది నాలుగు విషయాల మీద: తడుముకోకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. పదసంపద దగ్గర బ్యాండ్ 7కి, కొన్ని అరుదైన మాటలూ నుడికారమూ వాడగలగాలని ఉన్నమాట నిజం. కానీ ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో తెలిసి ఉండాలని కూడా అక్కడే ఉంది. కోచింగుల్లో మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తున్నారు.

నుడికారం అంటే పిల్లులూ కుక్కలూ ఒక్కటే కాదు నాయనా. "హెవీ రెయిన్" అనడం, "స్ట్రాంగ్ రెయిన్" అనకపోవడం కూడా నుడికారమే. "ఐ కుడింట్ హెల్ప్ లాఫింగ్" (నవ్వు ఆపుకోలేకపోయాను), "ఇట్ స్లిప్డ్ మై మైండ్" (మర్చేపోయాను), "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" (దానికోసం ఎదురుచూస్తున్నాను) లాంటివి మాటలో కలిసిపోతాయి, ఎవరికీ కొట్టొచ్చినట్టు కనపడవు. క్యాట్స్ అండ్ డాగ్స్ అర్థంకాని మాట కాదు, పాతబడిన మాట. ఈ రోజుల్లో వాళ్ళు "ఇట్స్ పోరింగ్" అంటారు. మనం కుండపోత అన్నట్టు.

లబ్బీపేట_ఐఈఎల్టీఎస్
ఆ మూడూ రాసుకున్నాను. మరి బట్టీ పట్టిన నలభై ఏం చెయ్యను?

బ్రాడీపేట_మాస్టారు
వినడానికి వాడుకో. ఎవరైనా అంటే అర్థం కావాలి. నీ నోట రావడానికి ఐదారు చాలు.

పటమట_పద్మ
బ్లూ మూన్ అంటే గుర్తొచ్చింది. అది నిజంగానే ఉందట కదా? మా మనవడు చెప్పాడు.

తెనాలి_శారద
ఉంది పద్మగారూ. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని అలా అంటారు. సుమారు రెండున్నర, మూడేళ్ళకు ఒకసారి వస్తుంది. 2023 ఆగస్టులో వచ్చింది. ఒకటో తేదీ ఒక పున్నమి, నెలాఖరున రాఖీ పున్నమి. చంద్రుడేమీ నీలంగా ఉండడు. మనకు "అమావాస్యకో పున్నానికో" అనే మాట ఉండనే ఉంది.

నేను తెలుగు లెక్చరర్ని. ఈ చర్చలో చెయ్యి, కాలు వచ్చాయి కాబట్టి నాలుక కూడా చేరుస్తాను. మనం ఏదో అనకూడనిది అనేసి, వెంటనే తప్పు తెలుసుకుంటే నాలుక కరుచుకున్నామంటాం. ఇంగ్లీషులో బైట్ యువర్ టంగ్ అంటే అసలు అనకుండా ఆపుకోవడం. ఇక్కడ మాట జారాక కరుచుకుంటాం, అక్కడ జారకముందే కరుచుకుంటారు. ఒళ్ళు ఒకటే, భాష వేరు. శరీరం మీద పుట్టిన జాతీయాలు పైకి ఒకేలా కనిపిస్తాయి కనుక వాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి.

కలిసే చోట్లు కూడా ఉన్నాయి. "నిప్పు లేనిదే పొగ రాదు" రెండు భాషల్లోనూ ఉంది. "ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" అంతే. నాకు బాగా ఇష్టమైనది "బీటింగ్ అరౌండ్ ద బుష్". వాళ్ళ వేటలో పొదల చుట్టూ కర్రలతో కొట్టి పిట్టల్ని లేపేవాళ్ళు. అసలు పిట్టను పట్టకుండా పొద చుట్టూనే తిరిగితే ఆ మాట. మనం ఏమంటాం? డొంకతిరుగుడు! తీగ లాగితే కదిలే ఆ డొంకే. ఇలా జత దొరికిన ఇడియమ్‌ని ఎవరూ మర్చిపోలేరు. ఇంగ్లీషు మాట పక్కన ఇంగ్లీషు అర్థం రాసుకుంటే నిలవదు. పక్కన మన మాట రాసుకోవాలి.

గుంటూరు_సన్నం
శారదగారూ, ఇది నాకు చాలా పనికొచ్చింది. "కాల్ ఇట్ ఎ డే" పక్కన ఏం రాయాలి?

తెనాలి_శారద
"ఇవాళ్టికి ఇంతటితో చాలిద్దాం."

కృష్ణలంక_కిరణ్
మా మేస్త్రి భాషలో "ఇక సర్దండి".

నైట్‌షిఫ్ట్_బాబు
సర్దండి సరిగ్గా సరిపోయింది.

ఏలూరురోడ్డు_పాఠకుడు
మీరంతా ఇడియమ్స్ మీద పడ్డారు గానీ మనవాళ్ళకు అంతకంటే పెద్ద సమస్య రోజూ మాట్లాడే వాక్యం. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018" అని రెజ్యుమెలో రాస్తారు. పరాయి దేశంవాడికి 2018లో స్పృహ తప్పి పడిపోయాడని అర్థమవుతుంది. గ్రాడ్యుయేటెడ్ అంటే పోయేదానికి. "టుడే మార్నింగ్", "కజిన్ బ్రదర్", "డిస్కస్ ఎబౌట్", "ప్రిపోన్". ఇవి పోనంతవరకూ ఇడియమ్స్ నేర్చి లాభం లేదు.

కృష్ణలంక_కిరణ్
ప్రిపోన్ ఎందుకు పోవాలి? పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రిపోన్ ఉండటం న్యాయం. ముందుకు జరపడానికి పోస్ట్‌పోన్‌కి సరిజోడైన మాట వాళ్ళ వాడుకలో లేదు, మనవాళ్ళు వాడుకలోకి తెచ్చుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది. ఇంత మంది మాట్లాడే ఇంగ్లీషుని తప్పు అని ఎవరు తేల్చాలి? "అవుట్ ఆఫ్ స్టేషన్" అసలు తెల్లదొరల మాటే. ఉద్యోగం వేసిన ఊరిని స్టేషన్ అనేవాళ్ళు. వాళ్ళు మర్చిపోయారు, మనం దాచాం. దానికి మనం సిగ్గుపడాలా?

నైట్‌షిఫ్ట్_బాబు
సిగ్గు సంగతి కాదు కిరణ్. నేను అమెరికా ఆయనతో "కెన్ వి ప్రిపోన్ ద కాల్?" అంటే ఆయన నిశ్శబ్దమైపోతాడు. తెలియని మాట వాడితే నష్టం నాకే. ఆయనతో "మూవ్ ఇట్ అప్" అంటాను, బెజవాడ మేనేజరుతో ప్రిపోన్ అంటాను. మన వాడకంలో తప్పు లేదు, వినేవాడు ఎవరన్నది చూసుకోవాలి.

అమెరికా, ఇంగ్లండ్ వాళ్ళకే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. మీటింగులో "లెట్స్ టేబుల్ దిస్" అంటే బ్రిటిష్ ఆయనకు ఇప్పుడే చర్చకు పెడదామని, అమెరికా ఆయనకు ఇప్పటికి పక్కన పెడదామని. సరిగ్గా ఎదురు!

కృష్ణలంక_కిరణ్
వినేవాణ్ణి బట్టి అన్నారు చూడండి, దానికి ఒప్పుకుంటాను. తప్పు అంటే మాత్రం ఒప్పుకోను.

తెనాలి_శారద
కజిన్ బ్రదర్ మీద కూడా ఒక మాట. మనకు పెదనాన్న కొడుకు అన్నే, పిన్ని కొడుకు తమ్ముడే. మేనమామ కొడుకు మాత్రం బావ. ఒకరితో రాఖీ, ఇంకొకరితో పెళ్ళి మాట. ఇద్దరినీ కలిపి ఒకటే కజిన్ అంటే మన మనసు ఒప్పుకోదు, అందుకే పక్కన బ్రదర్ తగిలించాం. ఇంగ్లీషులో అది అదనపు మాటే, కానీ తెలివితక్కువతనం నుంచి పుట్టింది కాదు. మన తప్పుల్లో చాలా వాటి వెనక తెలుగు ఉంటుంది. ఏ తెలుగు మాట తోస్తోందో కనిపెడితే తప్పు తేలిగ్గా పోతుంది. "కదా" చూడండి. మనకు వస్తావు కదా, తిన్నాడు కదా, వాళ్ళు పోయారు కదా అన్నిటికీ ఒక్కటే తోక. అందుకే ఇంగ్లీషులో అన్నిటికీ "ఇజింట్ ఇట్" తగిలిస్తాం. వాళ్ళకు వాక్యాన్ని బట్టి తోక మారుతుంది.

బ్రౌన్ దొర 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయన మనకు ఎదురు దిక్కు నుంచి ఇదే కష్టం పడ్డాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేయండి. మాటకు అర్థం చెప్పి వదిలేయడు, జనం ఆ మాటను ఎలా అంటారో వాక్యాలు ఇస్తాడు. ఆంధ్రభారతి సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. పరాయి భాషను ఎలా పట్టుకోవాలో ఆ పేజీల్లో కనపడుతుంది.

గుంటూరు_సన్నం
ధైర్యం చేసి ఒకటి పెడుతున్నాను. ఇది మొన్న ఇంకో బయ్యరుకి రాసిన మెయిల్, ఇంకా పంపలేదు. తప్పులు చెప్పండి. మా ఆఫీసులో అందరం ఇలాగే రాస్తాం.

"డియర్ సర్, వి ఆర్ డూయింగ్ చిల్లీ బిజినెస్ సిన్స్ 22 ఇయర్స్. వి హావ్ ఎ డౌట్ రిగార్డింగ్ యువర్ పేమెంట్. ప్లీజ్ డిస్కస్ ఎబౌట్ ద సేమ్ అండ్ రివర్ట్ బ్యాక్ అట్ ది ఎర్లియెస్ట్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

చిల్లీ స్పెల్లింగ్ చివర వై పెట్టాను. మా బోర్డు మీద కూడా అలాగే ఉంటుంది.

బ్రాడీపేట_మాస్టారు
పంపకపోవడం మంచిదైంది. ముందు డౌట్ తీసెయ్యి, అది అన్నిటికంటే ప్రమాదం. తెలుగులో డౌటంటే అడగాల్సిన ప్రశ్న. క్లాసులో పిల్లలు "డౌట్ సార్" అంటే వివరం అడుగుతున్నారని. ఇంగ్లీషులో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "వి హావ్ ఎ డౌట్ రిగార్డింగ్ యువర్ పేమెంట్" అని చదివిన బయ్యరుకు "నువ్వు డబ్బు కడతావో ఎగ్గొడతావో" అన్నట్టుంటుంది. నీకు తెలియాల్సింది ఏమిటి, కట్టే పద్ధతే కదా? "ఐ హావ్ ఎ క్వశ్చన్ ఎబౌట్ ద పేమెంట్ టర్మ్స్" అని రాయి.

22 ఇయర్స్ ముందు సిన్స్ రాదు. "ఇరవై రెండేళ్ళ నుంచి" అనే తెలుగులోని "నుంచి" నీ చేత సిన్స్ రాయించింది. మొదలైన సంవత్సరం చెబితే సిన్స్, ఎంత కాలమో చెబితే ఫర్. క్రియ కూడా మారాలి. "వి హావ్ బీన్ ఎక్స్‌పోర్టింగ్ చిల్లీస్ ఫర్ 22 ఇయర్స్."

డిస్కస్‌లోనే "గురించి" ఉంది, దాని వెనక ఎబౌట్ అక్కర్లేదు. క్వశ్చన్ పక్కన మాత్రం ఎబౌట్ ఉండాలి, కంగారుపడి రెండూ కొట్టెయ్యకు.

నైట్‌షిఫ్ట్_బాబు
రివర్ట్ బ్యాక్ బదులు "రిప్లై". రివర్ట్ అంటే చాలామందికి పాత స్థితికి తిరిగి వెళ్ళడమే. మా పనిలో సాఫ్ట్‌వేర్‌ని పాత వెర్షన్‌కు మార్చడం. నేను ఒకసారి "ప్లీజ్ రివర్ట్" అని రాస్తే అవతల ఇంజనీరు రాత్రి చేసిన మార్పులన్నీ తీసేశాడు. నాలుగు గంటల పని పోయింది.

ఏలూరురోడ్డు_పాఠకుడు
వై సంగతి ఎవరూ ఎత్తలేదేం? వై పెడితే చలిగా ఉందని అర్థం. ఎర్రటి ఎండలో మిర్చి ఎండబెట్టి సంచి మీద "చలి పొడి" అని అచ్చేస్తున్నాం! బ్రిటిష్ స్పెల్లింగులో రెండు ఎల్‌లు, చివర ఐ. అమెరికా స్పెల్లింగులో ఒకటే ఎల్, చివర ఐ. వై ఎక్కడా లేదు. మిర్చి ఊరు నుంచి వెళ్ళే కాగితం మీద మిర్చి స్పెల్లింగే తప్పుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

గుంటూరు_సన్నం
మా విజిటింగ్ కార్డులు, ఇన్‌వాయిస్ మీద కూడా వై ఉంది. రేపు ఓనరుగారికి చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

పటమట_పద్మ
చెప్పమ్మా. మంచి మాటే కదా.

లబ్బీపేట_ఐఈఎల్టీఎస్
డూ ద నీడ్‌ఫుల్ సంగతి?

కృష్ణలంక_కిరణ్
అది ఉండనివ్వండి, ప్లీజ్. మా నాన్న ప్రతి అర్జీ చివర అదే రాసేవాడు.

బ్రాడీపేట_మాస్టారు
అర్జీలో ఉండనీ. అది పాత ఇంగ్లీషు ఆఫీసుల భాష, మన తాలూకాఫీసుల్లో నిలిచిపోయింది. బయ్యరు మెయిల్‌లో మాత్రం తీసెయ్యాలి. పాత మాట అయినందుకు కాదు. ఏం చెయ్యాలో అది చెప్పదు. "అవసరమైనది చెయ్యండి" అంటే ఆయన ఏం చెయ్యాలి? సంతకం పెట్టాలా, అడ్వాన్సు పంపాలా? అదేదో రాయి. "కుడ్ యు సెండ్ అజ్ ద సైన్డ్ కాంట్రాక్ట్ బై ఫ్రైడే?" అందులో మర్యాదా ఉంది, పనీ ఉంది.

గుంటూరు_సన్నం
మళ్ళీ రాశాను. "వి హావ్ బీన్ ఎక్స్‌పోర్టింగ్ చిల్లీస్ ఫ్రమ్ గుంటూరు ఫర్ 22 ఇయర్స్. ఐ హావ్ ఎ క్వశ్చన్ ఎబౌట్ ద పేమెంట్ టర్మ్స్. కుడ్ వి డిస్కస్ దెమ్ ఆన్ థర్స్‌డే?" ఇంతే. మూడు వాక్యాలకు దిగింది. ఏదో తక్కువైనట్టుంది.

బ్రాడీపేట_మాస్టారు
ఏమీ తక్కువ కాలేదు. పంపెయ్యి.

మంగళగిరి_నేత
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. నేను చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను, ఎన్నారై కస్టమర్లు ఎక్కువ. మాటల సంగతి సరే, పలకడం ఎలా? నేను "జీరో" అంటే ఒకావిడ రెండుసార్లు అడిగింది.

తెనాలి_శారద
తెలుగులో ఆ జెడ్ ధ్వని లేదు కాబట్టి అది జ అయిపోతుంది. స్‌ని పట్టి గొంతు కలపండి, తుమ్మెద రొద చేసినట్టు. ముందు జూ, జీరో, ప్రైజ్ మూడూ సాధన చెయ్యండి. ఇంకొకటి, మన భాష అజంతం. మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. బస్సు, రోడ్డు, కోర్టు అంటాం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉకారం దగ్గర ఆగండి. ఎం, ఎల్ అక్షరాలను యం, యల్ అనడం కూడా మన అలవాటే. పాత తెలుగు బోర్డుల మీద యం.యల్.ఏ. అనే రాసేవాళ్ళు. ఫోన్‌లో ఈమెయిల్ అడ్రసు చెప్పేటప్పుడు ఆ ముందున్న యకారం వల్ల అవతలివాళ్ళు తడబడతారు.

మంగళగిరి_నేత
మగ్గం దగ్గర కూర్చుని తుమ్మెద రొద చేస్తుంటే మా ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది. వచ్చేస్తోందండీ.

నైట్‌షిఫ్ట్_బాబు
సన్నంగారూ, నేను చేసే పద్ధతి చెప్తాను, పుస్తకం బదులు. డెస్కు మీద చిన్న నోటుపుస్తకం ఉంటుంది. కాల్‌లో అర్థంకాని మాట ఏది విన్నా అక్కడికక్కడే తెలుగు లిపిలో, విన్నది విన్నట్టు రాస్తాను. ఎవరన్నారు, ఏ సందర్భంలో అన్నారు అని ఒక ముక్క. షిఫ్టు అయ్యాక చూస్తాను. ఆరేళ్ళలో 180 దాకా వచ్చాయి. ఒక్కటీ మర్చిపోలేదు, ఎందుకంటే ఒక్కోదాని వెనక ఒక మనిషి గొంతు ఉంది. ఇంకో సంగతి, కాల్‌లోనే అడగండి. "సారీ, వాట్ డు యు మీన్ బై దట్?" అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. నన్ను ఒక్కరూ చూడలేదు.

లబ్బీపేట_ఐఈఎల్టీఎస్
నోటుపుస్తకం ఇవాళే మొదలుపెట్టాను. మొదటిది "గివ్ మీ ఎ హ్యాండ్". పక్కన "సాయం చెయ్యి, హ్యాండిచ్చాడు కాదు" అని రాశాను.

కృష్ణలంక_కిరణ్
ఒకప్పుడు బొగ్గు ఎగుమతి చేసిన ఇంగ్లండ్ ఊరు న్యూకాజిల్‌కి బొగ్గు మోసుకెళ్ళినట్టు అని ఒక సామెత ఉంది వాళ్ళకి. మన జత ఏమిటి శారదగారూ?

తెనాలి_శారద
ఈ థ్రెడ్‌లో అయితే గుంటూరుకి మిర్చి మోసుకెళ్ళినట్టు.

ఏలూరురోడ్డు_పాఠకుడు
ఇది నోటుపుస్తకంలో ఎక్కాల్సిందే.

గుంటూరు_సన్నం
పదమూడు రోజులయ్యాక వచ్చాను. ముందుగా వై సంగతి. ఓనరుగారు కార్డు చూసి, నా మొహం చూసి, "ఇరవై రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదేంటమ్మా" అన్నారు. కొత్త కార్డులు అచ్చుకి ఇచ్చారు, బోర్డు పెయింటరుకి ఫోన్ చేశారు.

పేమెంట్ మెయిల్‌కి మర్నాడే జవాబొచ్చింది, గురువారం మాట్లాడుకున్నాం, సజావుగా అయిపోయింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఇంగ్లండ్ ఆయనకు కొత్త లాట్ శాంపిల్ పంపుతామని, రేటు ఇదీ అని మళ్ళీ రాశాను. ఆయన జవాబులో ఒక మార్పు అడిగి, చివర్లో "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అని రాశాడు. నేను భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి ఓనరుగారు చెమటలు పట్టి కూర్చుని ఉన్నారు. "కోర్టు అంటున్నాడేంటమ్మా, పాత లాట్ మీద కేసు వేస్తాడా? లాయరుగారికి ఫోన్ కలుపు" అన్నారు. కోర్టు కాదండీ, టెన్నిస్ కోర్టు, బంతి మన వైపు పడింది, ఇప్పుడు మనం కొట్టాలి, అంటే నిర్ణయం మనదే అని చెప్పాను. ఆయన లేచి మొహం కడుక్కుని వచ్చి "అయితే కొట్టు" అన్నారు.

పటమట_పద్మ
ఎంత మంచి మాట చెప్పావమ్మా!

బ్రాడీపేట_మాస్టారు
శాంపిల్ మీద ఏమన్నాడు?

గుంటూరు_సన్నం
నిన్న సాయంత్రం కాల్ అయింది మాస్టారూ. కాయ విరిచి చూసి "క్వైట్ నైస్" అన్నారు. నేను నోట్సు రాయడం ఆపి "క్వైట్ నైస్, ఆర్ వెరీ నైస్, సర్?" అని అడిగాను. ఆయన నవ్వి, రంగు ఇంకొంచెం ముదురుగా ఉండాలని, ఎంత ఉండాలో చెప్పారు. నేను అదే మాట ఓనరుగారికి చెప్పాను. ఈసారి ఆయన యార్డుకు వెళ్ళి ముందు కాయ చూసొచ్చారు, తర్వాతే బేరం ఆడారు.